క్యాన్సర్‌ను పస్తు పెట్టిన భీమవరం డాక్టరు

చీటీ మీద మూడు మందులున్నాయి. ఫోలిక్ యాసిడ్ మాత్ర, రోజూ ఒకటి. బీ12 ఇంజెక్షన్, తొమ్మిది వారాలకోసారి. పెమెట్రెక్సెడ్, ఇరవై ఒక్క రోజులకోసారి సెలైన్‌లో ఎక్కించేది.

హైదరాబాద్‌లో యాకుత్‌పురా రైల్వే స్టేషన్ దాటాక రెయిన్ బజార్ వైపు పోయే దారిలో మెడికల్ షాపాయన మొదటి రెండూ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "ఇవి బలానికమ్మా. కడుపుతో ఉన్నోళ్లకు ఇస్తరు" అన్నాడు. మూడోది ఆసుపత్రిలోనే ఎక్కిస్తారు. తండ్రి చీటీ పట్టుకెళ్లిన అమ్మాయి ఇంటికొచ్చి ఫోన్‌లో చూసింది. శరీరంలో ఫోలిక్ యాసిడ్ చేసే పనిని అడ్డుకోవడమే పెమెట్రెక్సెడ్ పని అని ఉంది.

"నాయినా, ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో గుంజుకునుడేంది ఇది?"

మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న తండ్రి దగ్గు ఆపుకుని, "రేపు డాక్టరమ్మనే అడుగు" అన్నాడు.

ఆయన ముప్ఫై ఏళ్ల పైచిలుకు లాడ్‌బజార్‌లో ఒక గాజుల దుకాణానికి గుమాస్తా. పొద్దున ఎర్ర అట్ట పుస్తకం తెరిస్తే రాత్రి షట్టర్ దించేదాకా లెక్కలే. బీడీ ముట్టలేదు. దగ్గు తగ్గకపోతే టీబీ అనుకున్నారు. ఎక్స్‌రేలో ఎడమవైపు నీళ్లు కనిపించాయి. ఆ నీళ్లు తీసి పరీక్షకు పంపితే ఊపిరితిత్తుల క్యాన్సర్, అందులో అడినోకార్సినోమా రకం అని తేలింది. స్కాన్‌లో వెన్నెముక మీద కూడా మచ్చలు. నాలుగో స్టేజి. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యు పరీక్షల్లో ఏదైనా పాజిటివ్ వస్తే మాత్రలతో నడిచేది. రెండూ నెగెటివ్. ఇక కీమోనే అన్నారు.

ఈ యాకుత్‌పురా ఇంటినీ, అందులోని మనుషులనూ, వాళ్ల డాక్టరమ్మనూ నేను కూర్చాను. రెడ్‌హిల్స్ ఆసుపత్రికి ఆటోలో వచ్చి, సాయంత్రం ఆటోలో తిరిగి వెళ్లే పాతబస్తీ కుటుంబాల మాటలూ బెంగలూ కలిపి అల్లిన ఇల్లది. వాళ్లు తప్ప కింద వచ్చే మనుషులూ సంస్థలూ తేదీలూ అంకెలూ రికార్డులో ఉన్నవే.

ఆ అమ్మాయి అడిగిన దానికి జవాబు మాత్రం భీమవరంలో మొదలవుతుంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న అక్కడ పుట్టారు. చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయి కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని బతుకుదామనుకున్న సంగతీ, మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన సంగతీ తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్లినందుకు తెల్ల ప్రొఫెసరుకు కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ చేతికొచ్చిన కథ కూడా తెలుసు. ఈ కథకు మరో సంగతి ముఖ్యం. ఆయన అన్నదమ్ములిద్దరు రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు స్ప్రూ, మన వైద్యులు గ్రహణి అనేది. తిన్నది ఒంటపట్టదు, నోరు పూస్తుంది, విరేచనాలు ఆగవు, రక్తం తరిగిపోతుంది. అప్పటికి దానికి మందు లేదు.

1923 అక్టోబర్ ఆఖర్లో ఆయన బోస్టన్‌లో దిగారు. మామగారి సాయంతో చేసిన ప్రయాణం. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు. ఎల్ఎంఎస్ డిగ్రీకి అక్కడ డాక్టరు కొలువు రాదు కనుక పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. మూడేళ్లలో వస్తానని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. పుట్టిన కొడుకును ఆయన చూడనే లేదు, ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. సుబ్బారావు గొప్పతనం రాసేవాళ్లు శేషగిరి గారిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేనూ అదే చేస్తున్నాను, ఇక్కడ చోటు లేక.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేసిన పని ఒక్కటే ఆయన్ను పాఠ్యపుస్తకాల్లో నిలిపేది. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ 1927లో, కణానికి ఇంధనమైన ఏటీపీ 1929లో. అంటే కణం ఏం తింటుంది, తిన్నదాన్ని ఏం చేస్తుంది అన్నదే మొదటి నుంచీ ఆయన చూపు. హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు.

అప్పట్లో కాలేయం మీద ప్రపంచానికి గొప్ప గురి. పెర్నిషియస్ అనీమియా అనే ప్రాణాంతక రక్తహీనత రోగులకు రోజూ కాలేయం తినిపిస్తే లేచి కూర్చుంటున్నారని 1926లో మైనాట్, మర్ఫీ చూపించారు. అందులో ఉన్న పదార్థమేమిటి? సుబ్బారావు హార్వర్డ్ రోజుల నుంచే దాని వెంట పడ్డారు. ఈలోగా బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు, ఈస్ట్ నుంచి తీసిన చవక మార్మైట్ తినిపిస్తే వాళ్లు కోలుకుంటున్నారని తేల్చారు. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూర ఉడికించి పిండి, చిటికెడు పదార్థం తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసి చూపించింది లెడర్లీలో సుబ్బారావు బృందం, 1945లో. ఒకటి రెండేళ్లలోనే టామ్ స్పైస్ అనే డాక్టరు క్యూబా, ప్యూర్టోరికోల్లో స్ప్రూ రోగులకు ఆ పసుపు పొడి ఇచ్చారు. వాళ్లు మంచాల మీంచి లేచారు. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది, పాతికేళ్లు ఆలస్యంగా.

అయితే ఆయన వెతికింది అది కాదు. పెర్నిషియస్ అనీమియాలో ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని పెంచుతుంది గానీ నరాల జబ్బును ఆపలేదు. కాలేయంలో అసలు దాగున్నది వేరే విటమిన్. దాన్ని 1948లో మెర్క్ వాళ్లూ, గ్లాక్సో వాళ్లూ విడివిడిగా పట్టుకున్నారు. అదే బీ12. యాకుత్‌పురా చీటీలోని రెండో మందు.

ఇప్పుడు బోస్టన్ పిల్లల ఆసుపత్రికి వెళ్దాం. అక్కడ సిడ్నీ ఫార్బర్ పాథాలజిస్టు. బతికున్న పిల్లలకన్నా పోయిన పిల్లలను ఎక్కువ చూసే ఉద్యోగం. అక్యూట్ లుకేమియా వస్తే పిల్లలు వారాల్లో, మహా అయితే నెలల్లో పోయేవాళ్లు. ఎముకల మూలుగ నిండా పనికిరాని తెల్లకణాలు. అటు రక్తహీనత రోగి మూలుగలోనూ అరకొరగా ఎదిగిన కణాలే కనిపిస్తాయి, వాటిని ఫోలిక్ యాసిడ్ సరిచేస్తోంది. మరి లుకేమియాను కూడా సరిచేయదా? ఎలుకల కణితులను ఫోలిక్ యాసిడ్ లాంటి పదార్థం తగ్గించిందని న్యూయార్క్ మౌంట్ సైనాయ్ నుంచి అప్పటికే ఒక వార్త కూడా ఉంది. ఫార్బర్ అడిగారు, సుబ్బారావు పంపారు. ఫోలిక్ యాసిడ్‌కు దగ్గరి చుట్టాలైన టెరోప్టెరిన్ వంటి మందులు పిల్లలకు ఎక్కించారు.

జబ్బు తగ్గలేదు. ఇంకా ఉరికింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ఘట్టం ఇదే. బాగుచేద్దామని ఇచ్చిన మందు పిల్లల చావును ముందుకు జరిపిందని ఒక డాక్టరుకు తెలిసిన క్షణం. ఎవరైనా ఆ కాగితాలు మడిచి సొరుగులో పెట్టేసేవారే. ఫార్బర్ పెట్టలేదు. చనిపోయిన పిల్లల మూలుగను సూక్ష్మదర్శినిలో చూసి, లుకేమియా వేగం పెరిగిందని రాసుకున్నారు. అప్పుడు ప్రశ్నను తిరగేశారు. ఫోలిక్ యాసిడ్ పెడితే బలిసే జబ్బు, అది దొరక్కుండా చేస్తే ఎండిపోదా?

ఆ తిరగేసిన ప్రశ్నకు సరిపోయే సరుకు లెడర్లీలో సిద్ధమవుతూనే ఉంది. ఫోలిక్ యాసిడ్ ఎలా కట్టి ఉందో పూర్తిగా తెలిసినవాళ్లకే దానికి నకిలీలు చేయడమూ సాధ్యం. సుబ్బారావు బృందంలోని రసాయన శాస్త్రజ్ఞులు అణువులో ఒక మూల చిన్న మార్పు చేశారు. ఆక్సిజన్, హైడ్రోజన్ ఉన్న చోట అమైనో గుంపు. అంతే తేడా. కణం దాన్ని ఫోలిక్ యాసిడ్ అనుకుని లోపలికి రానిస్తుంది. ఎంజైము దాన్ని పట్టుకుని ఇక వదల్లేదు. డీఎన్ఏకు కావలసిన ఇటుకల తయారీ నిలిచిపోతుంది. దాని పేరు అమైనోప్టెరిన్.

1947 డిసెంబర్ 26న న్యూయార్క్ మీద 26 అంగుళాల మంచు కురిసి, ఊరు కదల్లేక ఆగిపోయింది. ఆ నెల చివర్లోనే పెర్ల్ రివర్ సరుకు బోస్టన్‌లో ఫార్బర్ చేతికి అందింది. రెండేళ్ల పిల్లవాడొకడు, కవలల్లో ఒకడు, ఆసుపత్రిలో ఉన్నాడు. ప్లీహం ఉబ్బి కడుపు బిగుసుకుపోయింది, తెల్లకణాలు రోజురోజుకూ ఎక్కుతున్నాయి. మందు పడ్డాక పెరుగుదల ఆగింది. తర్వాత దిగడం మొదలైంది. కొన్ని వారాలకు ఆ పిల్లవాడు నడిచాడు, అన్నం తిన్నాడు, కవల సోదరుడితో ఆడుకున్నాడు. అదే ఆసుపత్రిలో అప్పటిదాకా కొందరు సహోద్యోగులు ఫార్బర్‌కు ముఖం చాటేశారు. చనిపోబోయే పిల్లలను ప్రశాంతంగా పోనివ్వక ఈ సూదుల హింస ఏమిటని వాళ్ల బాధ. అందులో న్యాయం లేదని ఈ రోజు మనం సులువుగా అనగలం. ఆ వార్డులో నిలబడి ఉంటే అనేవాళ్లమో లేదో.

1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వ్యాసం వచ్చింది. 16 మంది పిల్లలకు మందు ఇచ్చారు, 10 మందికి మెరుగైంది. వ్యాసం పేరులోనే తాత్కాలికం అన్న మాట పెట్టారు. మందు విషపూరితమనీ, దీన్ని నయం కావడమని అనడానికి ఆధారం లేదనీ లోపల రాశారు. ఆ కవల పిల్లవాడికి కూడా జబ్బు తిరగబడింది, నెలల్లోనే పోయాడు. మెరుగవని ఆ ఆరుగురూ, జబ్బు తిరగబడిన వాళ్లూ లెక్కలో ఉండబట్టే తర్వాత వచ్చినవాళ్లు మోతాదు మార్చారు, మందులు కలిపారు. లుకేమియా పిల్లల్లో అత్యధికులు బతికి బట్టకట్టే రోజు వచ్చింది.

సుబ్బారావు దాన్ని చూడలేదు. 1948 ఆగస్టు 8న నిద్రలోనే గుండె ఆగింది. 53 ఏళ్లు.

ఇక్కడ ఒక పిట్టకథ. అమెరికా బేస్‌బాల్ దేవుడు బేబ్ రూత్‌కు ముక్కు వెనక క్యాన్సర్. 1947 వేసవిలో ఆయనకూ టెరోప్టెరిన్ ఎక్కించారు, పిల్లల్లో జబ్బును ఎగదోసిన ఆ మందే. ఆయన కొన్నాళ్లు తేరుకున్నాడు, బరువు పెరిగాడు, తర్వాత జబ్బు తిరగబడింది. ఆయనా 1895లోనే పుట్టాడు. సుబ్బారావు పోయిన ఎనిమిదో రోజున, ఆగస్టు 16న, ఆయనా 53 ఏళ్లకే పోయాడు. ఒకాయన అంత్యక్రియలకు న్యూయార్క్ వీధులు నిండిపోయాయి. రెండో ఆయన పేరు ఆ ఊళ్లో ఎంతమందికి తెలుసో చెప్పనక్కర్లేదు.

అమైనోప్టెరిన్ కన్నా తేలికగా భరించగలిగే దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ కూడా లెడర్లీలోనే పుట్టింది. 1956లో మిన్ చియు లి, రాయ్ హెర్ట్జ్ దానితోనే గర్భసంచిలో మావి నుంచి పుట్టే కోరియోకార్సినోమాను నయం చేశారు. గడ్డగా పెరిగే క్యాన్సర్ ఒకటి మందుతోనే పూర్తిగా పోవడం అదే మొదలు. ఇవాళ కీళ్లవాతం ఉన్న వాళ్లెందరో వారానికోసారి అదే మాత్ర మింగుతున్నారు.

ఊపిరితిత్తుల క్యాన్సర్ మాత్రం లొంగలేదు. అందుకు ఇంకో యాభై ఏళ్లు, ఇంకో మనిషి కావలసి వచ్చారు. ఎడ్వర్డ్ టేలర్ 1946లో కార్నెల్‌లో విద్యార్థి. కాలేయం నుంచి తీసిన ఫోలిక్ యాసిడ్ నిర్మాణం గురించి చదివి ఆశ్చర్యపోయారు. అందులోని జంట వలయం అప్పటిదాకా సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో మాత్రమే కనిపించినది. మనిషి కాలేయంలో దానికేం పని? ఆ ఆశ్చర్యం ఆయన్ను వదల్లేదు. ప్రిన్స్‌టన్‌లో ప్రొఫెసరై, ఎలీ లిల్లీ కంపెనీతో కలిసి ఏళ్ల తరబడి ఫోలిక్ యాసిడ్ నకిలీలు చేస్తూ పోయారు. చివరికి నిలిచింది పెమెట్రెక్సెడ్. మెథోట్రెక్సేట్ ప్రధానంగా ఒక ఎంజైమును పట్టుకుంటే ఇది మూడింటిని పట్టుకుంటుంది.

ప్రయోగాల్లో పెమెట్రెక్సెడ్ కొందరి ప్రాణాలు తీసింది. ఒకే మోతాదు ఒకరికి పడుతోంది, మరొకరికి రక్తకణాలు అడుగంటి, నోరూ పేగులూ పుండ్లు పడుతున్నాయి. ఎవరికి పడదో ముందే ఎలా తెలియాలి? లిల్లీ వాళ్లు రోగుల రక్తపరీక్షలన్నీ ముందేసుకుని వెతికితే, హోమోసిస్టీన్ ఎక్కువున్నవాళ్లే దెబ్బతింటున్నారని తేలింది. ఒంట్లో ఫోలేట్, బీ12 తక్కువైతే పెరిగేది ఆ హోమోసిస్టీనే. మరి ఆ విటమిన్లు ఇస్తే? వద్దన్నవాళ్లకూ కారణముంది. ఫోలిక్ యాసిడ్ క్యాన్సర్‌కు మేత అని ఫార్బర్ చూపించి అర్ధశతాబ్దం అయింది, ఆ భయం పోలేదు. అయినా 1999 చివర్లో రోగులందరికీ విటమిన్లు తప్పనిసరి చేశారు. కొద్ది మోతాదు విటమిన్ మామూలు కణాలను కాస్తోంది, క్యాన్సర్ మీద మందు దెబ్బ తగ్గలేదు. 2004లో పెమెట్రెక్సెడ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది, ముందు ఊపిరితిత్తి పొరకు వచ్చే మీసోథీలియోమాకు, ఆరు నెలలకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు.

రెడ్‌హిల్స్‌లో డాక్టరమ్మ ఇందులో సగం చెప్పింది, ఓపీ గది బయట వరుస ఉండగానే. 1955 నుంచీ నడుస్తున్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి అది. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా, తర్వాత గుజరాత్ తొలి గవర్నర్‌గా చేసిన మెహదీ నవాజ్ జంగ్ పేరు. అక్కడ తీరిగ్గా కథ చెప్పే డాక్టరు ఉండరు.

"అసలు రాయి కూర్చునే గుంటల, గదే కొలత గాజుముక్క కూర్చోవెట్టినట్టు" అన్నాడు గుమాస్తా. "ఇగ అసలుది వచ్చినా జాగుండదు."

"అంతే" అంది డాక్టరమ్మ. "మాత్ర మానొద్దు. కౌంట్ పడిపోతది."

"ఫాయిదా ఎంత మేడమ్?"

ఇది కూతురు అడగొద్దనుకున్న ప్రశ్న. డాక్టరమ్మ ఆమె వైపు చూసి, ఆయన వైపు తిరిగి, ఉన్నది చెప్పింది. 2008లో వచ్చిన పెద్ద ప్రయోగంలో 1,725 మంది రోగులు. సిస్‌ప్లాటిన్‌తో పాటు సగం మందికి పెమెట్రెక్సెడ్, సగం మందికి జెమ్‌సిటబిన్. అడినోకార్సినోమా ఉన్నవాళ్లలో వరుసగా మధ్యస్థంగా 12.6 నెలలు, 10.9 నెలలు బతికారు. స్క్వామస్ రకంలో పెమెట్రెక్సెడే వెనకబడింది, అందుకే బయాప్సీ కాగితం అంత జాగ్రత్తగా చూస్తారు.

ఆయన వేళ్ల మీద లెక్కేశాడు. "నెలా ఇరై రోజులు ఎక్కువ."

"సగటు మాట అది. మీకెంతో నేను చెప్పలేను." పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు కలిపితే ఏడాది దాటేవాళ్లు నూటికి 49 నుంచి 69కి పెరిగారని 2018లో వచ్చిన ఫలితం కూడా చెప్పింది. దాని ధర అడిగి కూతురు ఇంకేమీ అడగలేదు.

ఆ రాత్రే జెడ్డా నుంచి తమ్ముడి ఫోన్. అక్కడ వాడితో పాటు గదిలో ఉండేవాడికి ఎవరో పంపిన వీడియో వీడికి చేరింది. "అక్కా, డీసీఏ అని ఒక పొడి ఉంది. క్యాన్సర్ చక్కెర తిని బతుకుతదంట. ఇది ఏస్తే చక్కెర పని చెయ్యదు, గడ్డ ఎండిపోతది. పేటెంట్ రాదని కంపెనీలు దాచిపెట్టినయంట. ఐదు వేలు పంపుత, ఆన్‌లైన్‌ల తెప్పియ్యి."

వాడి మాటల్లో అబద్ధం తక్కువ, అందుకే అది ప్రమాదం. క్యాన్సర్ కణం చక్కెరను వింతగా, ఆక్సిజన్ ఉన్నా పులియబెట్టే దారిలో వాడుకుంటుందని ఓటో వార్‌బర్గ్ 1920ల్లోనే చూపించారు. డీసీఏ, అంటే డైక్లోరోఅసిటేట్, పాత మందే, పుట్టుకతో రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయే పిల్లల కోసం ఎన్నో ఏళ్లుగా పరీక్షిస్తున్నది. 2007 జనవరిలో కెనడా అల్బర్టా విశ్వవిద్యాలయంలో మికెలాకిస్ బృందం, అది కణాన్ని చక్కెర పులియబెట్టే దారి నుంచి మళ్లిస్తుందనీ, ఎలుకల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ గడ్డ తగ్గిందనీ చూపింది. ఆ పదార్థం మీద పేటెంట్ రాదన్న సంగతీ నిజమే. వెంటనే జనం ఎగబడ్డారు. పెంపుడు జంతువులకని బోర్డు పెట్టి ఆ పొడి అమ్మిన వాళ్లను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అదే ఏడాది ఆపించింది.

వీడియోలో లేనిది ఆ తర్వాతి సంగతి. ముదిరిన క్యాన్సర్ రోగులకు ఒక్క డీసీఏనే ఇచ్చి చూద్దామని అమెరికాలో ఒక ప్రయోగం మొదలైంది. ఏడుగురు చేరేసరికే ప్రమాదం కనిపించి ఆపేశారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దీన్ని విడిగా వాడొద్దని 2014లో రాశారు. నరాలు తిమ్మిరెక్కించే గుణం దానికి ముందు నుంచీ ఉంది. ఇదే దారిలో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ను కీమో, రేడియేషన్‌లకు కలిపి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చేసిన రెండు ప్రయోగాలు 2021లో వెలువడ్డాయి. లాభం లేదు, ఒకదాంట్లో కలిపినవాళ్లకే కీడు ఎక్కువైంది. క్యాన్సర్ తిండి ఆపాలన్న ఆలోచన తప్పు కాదు, సుబ్బారావు చేసింది అదే. ఏ తిండి, ఎంత, ఎవరికి అన్నవి మాత్రం ఊహకు అందవు. ఫార్బర్ మొదటి ఊహ కూడా చక్కగానే ఉంది, పిల్లల జబ్బును ఎగదోసింది.

కూతురు ఇవన్నీ డాక్టరమ్మతో చెప్పించి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి తమ్ముడికి వినిపించింది. వాడు పట్టు వదల్లేదు. "ఏడుగురే కదక్కా. మన దగ్గర వేలమంది తీసుకుంటున్నరంట, మంచిగైనరంట."

మంచం మీంచి తండ్రి చెయ్యి చాపి ఫోన్ అందుకున్నాడు. "వేలమంది అంటున్నవ్ కద బిడ్డా. ఎంతమంది తీసుకున్నరు, ఎంతమంది పోయిన్రు, రాసిన పుస్తకం ఏడుంది?"

"పుస్తకమంటే... వీడియోల చెప్పిండు నాయినా."

"జమ ఒక్కటే రాసి ఖర్చు రాయని దుకాణంల నేను ఒక్కదినం గూడ పన్జెయ్యలె."

మందు మీద నమ్మకం లేని మనిషి కాదాయన. నిజంగా ప్రయోగంలో చేరాలంటే ఎట్లాగని మర్నాడు తనే డాక్టరమ్మను అడిగాడు. ఆమె చెప్పింది: మన దేశంలో ప్రయోగాల చిట్టా 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి రోగులను చేర్చుకునే ముందే అందులో నమోదు చేయడం తప్పనిసరి. ఎవరైనా వెబ్‌సైట్‌లో చూడొచ్చు. 2019 నాటి నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, రోగికి తెలిసిన భాషలో వివరించి సంతకం తీసుకోవాలి, ప్రయోగం వల్ల హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. మందుకు డబ్బు అడిగితే అది ప్రయోగం కాదనే అనుమానించాలి. "మీకు సరిపోయేది తెరిస్తే చెప్తాను. ఇప్పటికి ఇదే నడిపిద్దాం."

మందు ధర గురించి ఒక మాట. పెమెట్రెక్సెడ్ పేటెంట్ మీద లిల్లీతో అమెరికా కోర్టుల్లో తలపడ్డ కంపెనీల్లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ ఒకటి. మందును వేరే లవణ రూపంలో తెస్తే పేటెంట్ తగలదని వాదించి 2019లో అప్పీలు కోర్టులోనూ ఓడింది. అక్కడ జనరిక్‌లు 2022లో గానీ రాలేదు. భారత మార్కెట్లో అంతకు ముందే మన కంపెనీల సీసాలున్నాయి. యాకుత్‌పురా గుమాస్తాకు ఎక్కిన సీసా మీద కూడా మన దేశపు చిరునామానే ఉంది.

నాలుగు విడతలయ్యాయి. మొదటి దానికి రెండు రోజులు వాంతులు, మూడోదానికి కౌంట్ పడి వారం వాయిదా. ఎముక నొప్పి తగ్గింది. రాత్రిళ్లు పడుకోగలుగుతున్నాడు. స్కాన్‌లో గడ్డ కాస్త కుదించుకుంది, కొత్త మచ్చలు లేవు. ఇక ఇన్నాళ్లూ దానితో పాటే ఎక్కించిన సిస్‌ప్లాటిన్ ఆపి పెమెట్రెక్సెడ్ ఒక్కటే మూడు వారాలకోసారి సాగిద్దామంది డాక్టరమ్మ. అలా సాగించిన వాళ్లు మధ్యస్థంగా 13.9 నెలలు, ఆపినవాళ్లు 11 నెలలు బతికారన్న ప్రయోగం ఉంది.

"ఎన్ని రోజులు సాగిస్తరు?"

"పనిచేసినన్ని రోజులు. ఒంటికి పడినన్ని రోజులు."

ఆయన తలూపాడు. బీ12 ఇంజెక్షన్ రెండోసారి ఎప్పుడు వేశారో, మళ్లీ ఎప్పుడు వేయాలో తేదీ చెప్పమని కూతుర్ని అడిగాడు. ఆమె తేదీ చెప్పగానే అది ఆదివారమని, మెడికల్ షాపు మధ్యాహ్నం దాకే తెరిచి ఉంటుందని, ముందు రోజే తెచ్చి పెట్టుకోవాలని అన్నాడు.